రాతి పేరు గల ఉప్పు

కర్నూలు, కడప మండలములు మద్రాసు రాష్ట్రమున చేరియున్న దినములలో, ఇంటనొకరికి మతి చలించినచో బంధువులకు తోచు దారులు మిక్కిలి కొద్ది. మొదట గుడియో, దర్గాయో, భూతవైద్యుడో. అవి ఫలింపక, చేతిలో నాలుగు రూకలున్నచో, కడప మీదుగా పోవు రైలెక్కి మద్రాసు కీల్పాకమునందలి ఆసుపత్రికి పోవలయును. 1871లో తెరచిన ఆ ఆలయమున చిరకాలము జరిగినది చికిత్స కంటె కాపలాయే. ఉద్రేకము మితిమీరినప్పుడు నిద్రపుచ్చు ద్రావకములు తప్ప వైద్యుల చేతిలో సాధనము లేదు.

మనము ఇచట చెప్పదలచిన వ్యాధి విచిత్రమైనది. కొన్ని వారములు మనిషికి నిద్ర పట్టదు, మాట ఆగదు. ఉన్న పొలమును అయినకాడికి అమ్మి ఊరివారికి విందు చేయును. పిమ్మట నెలల తరబడి మంచము దిగడు, అన్నము ముట్టడు. మొదటిదానిని గాలి సోకినదనియు, రెండవదానిని సోమరితనమనియు మన పల్లెలలో అనుకొనెడివారు. రెండును ఒకే జబ్బు ముఖములని ఎవరికి తోచును? ఫ్రాన్సునందు ఫాల్రే అను వైద్యుడు 1850 ప్రాంతమున దీనిని చక్రమువలె తిరుగు ఉన్మాదమని గుర్తించినాడు. 1899లో జర్మనీ పండితుడు క్రేపెలిన్ దీనికి ఉన్మాద విషాద వ్యాధియని పేరిడినాడు. నేటి వైద్యులు బైపోలార్ వ్యాధి అనుచున్నారు.

మన దేశమునుండియు ఒక మందు వెలువడినది. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు అనువారు సర్పగంధ వేరు ఉన్మాదమునకును, రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండువారు అందలి సారమగు రిసర్పిన్‌ను వేరుచేసిరి. అది ఉద్రేకమును అణచినదేగాని, కొందరిని విషాదమున ముంచినది. చక్రమును ఆపు మందు మరొకచోట దొరకవలసియుండెను.

అది ఒక ఉప్పు. 1817లో స్వీడను రసాయనవేత్త ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజశిలలో క్రొత్త లోహమును కనుగొన్నాడు. రాతికి గ్రీకుమాట ననుసరించి దానికి లిథియమను పేరు కలిగినది. ఆ శతాబ్దమున దాని ఉప్పును కీళ్ళవాతమునకు వాడిరి. అమెరికాలో 1929లో వచ్చిన ఒక ప్రసిద్ధ సోడాపానీయమున సైతము కలిపిరి!

ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రెండవ ప్రపంచయుద్ధమున సింగపూరులోని చాంగి చెరలో జపానువారి ఖైదీగా మూడేండ్లకు పైగా గడిపినవాడు. తిరిగివచ్చి, మెల్బోర్ను చెంత బుండూరా ఆసుపత్రిలో, వాడుకలోలేని వంటగదిని ప్రయోగశాలగా చేసికొని సీమపందికొక్కులపై పరీక్షలు సాగించినాడు. లిథియము లవణము నెక్కించినంతట అవి నెమ్మదించి పడియుండుట చూచినాడు. ముందు తానే మ్రింగి చూచుకొని, 1948 మార్చిలో ఐదేండ్లుగా ఉద్రేకము తగ్గని 51 ఏండ్ల రోగి కిచ్చినాడు. జూలైనాటికి ఆ రోగి ఇంటికి వెడలినాడు. 1949లో కేడ్ తన వ్యాసమును ప్రకటించినాడు. కాని ఆ రోగి మందు మానివేయగా జబ్బు తిరుగబెట్టినది. మరల ఆరంభింపగా 1950లో అదే మందు విషమై ప్రాణము తీసినది. ఆ 1949లోనే అమెరికాలో వంటయుప్పునకు బదులుగా లిథియము ఉప్పు వాడిన హృద్రోగులలో కొందరు మరణించిరి. ఔషధమునకును విషమునకును నడుమ ఇంత సన్నని గీటు గల మందులు అరుదు.

ఆ గీటును కొలుచుట నేర్పినవారికి కేడ్‌తో సమానముగ కీర్తి రావలెనని మా అభిప్రాయము. 1951లో మెల్బోర్నునందే నోక్, ట్రౌట్నర్ అనువారు రక్తమున లిథియమును కొలుచుచు నూరుమందికి పైగా రోగులకు ఇచ్చిరి. డెన్మార్కున మొగెన్స్ షౌ 1954లో క్రమబద్ధమైన పరీక్ష జరిపినాడు; బాస్ట్రప్‌తో కూడి, ఇది జబ్బు మరల రాకుండను కాపాడునని చూపినాడు. అమెరికా ప్రభుత్వము 1970లో దీనిని అంగీకరించినది. పేటెంటు దొరకని చవుక ఉప్పుపై కంపెనీలకు మమకారమేల యుండును?

మన ప్రాంతమున కర్నూలు వైద్యకళాశాల 1956లో వెలసినది. పొరుగున, 1953 వరకు మన దత్తమండలములలోనిదైన బళ్ళారిలో, 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ పల్లెవైద్యులకు మానసిక చికిత్స నేర్పు ప్రణాళికను ఆరంభించినది. ఆ నమూనాయే దేశమున జిల్లా కార్యక్రమమైనది. 1996లో మెదకు ఎన్నికైన తొలిజిల్లాలలో నొకటి. లిథియము నేడు దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది. వాల్‌ప్రొయేట్ వంటి వేరు మందులును కలవు; కాని అది గర్భస్థశిశువునకు హాని చేయును గనుక బిడ్డల కనదగు వయసు స్త్రీల విషయమున వైద్యులు వెనుకాడుదురు.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మూత్రపిండములు లిథియమును వంటయుప్పువలెనే ఎంచును. చెమటతో ఉప్పును నీరును పోయినచో, మిగిలిన ఉప్పును పట్టి యుంచుచు లిథియమునుగూడ పట్టి యుంచును. రక్తమున లీటరునకు 0.6 మొదలు 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు మేలు, 1.5 దాటిన ముప్పు. ఆదోని, కోసిగి ప్రాంతములనుండి సుగ్గికని గుంటూరు మిరపకోతలకు పోవు కూలి మనిషి ఎండలో నీరు చాలక పనిచేసినను, పోటు మందనియో పథ్యమనియో ఉన్నట్టుండి ఉప్పు మానినను, ఒళ్ళునొప్పులకు కొన్ని అంగడిమాత్రలు మ్రింగినను ఆ లెక్క పైకి పోవును. చేతులు పెద్దగా వణకుట, వాంతులు, విరేచనములు, నడక తూలుట, మాట ముద్దయగుట దాని గురుతులు. అప్పుడు తదుపరి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలయును. అట్లని, బాగున్నామని తలచి తమంతట తాము మందు మానినవారికి జబ్బు త్వరలో తిరుగబెట్టును. ఆత్మహత్య ప్రమాదమును పెరుగును. సుగ్గికి పోవువారు ఆ నెలల మాత్రలు ముందే వ్రాయించుకొని, చీటీ వెంట నుంచుకొందురు గాక. రక్తపరీక్షకు రాత్రి మాత్ర వేసికొన్న 12 గంటలకు, ఉదయపు మాత్ర వేసికొనకమునుపే పోవలయును.