తోలు పుట్టి నుంచి ఫైబర్ కయాక్ దాకా

పలకల నావల, మాను తొలిచిన దోనెల సంగతి అలా ఉంచితే, తెలుగు నేలలో పడవ కట్టడానికి పాతకాలం నుంచి రెండు దారులున్నాయి. తేలే దుంగలను పక్కపక్కన పేర్చి కట్టేయడం ఒకటి. అది కోస్తా మత్స్యకారుల తెప్ప. వెదురు బుట్ట అల్లి దానికి నీరు చొరని తోలు తొడగడం రెండోది. అది కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే పుట్టి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొంది రేవులో ఈ పుట్టులను చూశాడు. పదిహేను ఇరవై మందిని, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ అవి దాటించేవని రాశాడు. తర్వాత తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి గానీ అల్లిక మారలేదు.

ఆర్కిటిక్ వేటగాళ్ల కయాక్‌దీ పుట్టి వంశమే. కొట్టుకొచ్చిన కొయ్యతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీలు చర్మం బిగించేవారు. పుట్టి గుండ్రంగా ఉండి గిరగిరా తిరుగుతుంది. సన్నటి కయాక్ సూటిగా పోతుంది.

తెప్పకూ తిప్పలున్నాయి. దుంగలు నీరు పీల్చి బరువెక్కుతాయి, వేట ముగిశాక ఒడ్డున ఆరబెట్టాలి. తేలిక కలప కూడా రానురాను కరువైంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తెప్పకు బదులు మరో పడవ కోసం వెతికింది. రేవులు లేని తీరంలో అలలు దాటి నేరుగా ఇసుక మీదికి ఎక్కగల, ఇంజను పంకాను పైకి లేపుకోగల ఫైబర్ పడవలను పరీక్షించింది. 1980లలో అవి ఆంధ్ర తీరానికీ వచ్చాయి. లోపల థర్మాకోల్ నింపిన ఫైబర్ తెప్పలు కూడా వాడుకలోకి వచ్చాయి. 2004 సునామీ తర్వాత సాయంగా అందిన పడవల్లోనూ ఫైబర్‌వి చాలానే.

ఇంట్లో కట్టే ఫోమ్ కయాక్‌కు దారి వేసింది మాత్రం వేరేవాళ్లు. 1958లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అలల మీద జారే పలకలకు పాలియూరెథేన్ ఫోమ్ వాడారు. 1975లో విమాన రూపకర్త బర్ట్ రూటన్ అచ్చు లేకుండా ఫోమ్ కోసి, దాని మీద గాజుగుడ్డ పరిచి వేరీఈజ్ విమానం ఎగరేశాడు. ఒకే ఒక్క పడవ కావాలనుకున్నవాడికి అచ్చు ఖర్చు తప్పించింది ఈ పద్ధతే. తెప్పలోని తేలికా పుట్టి తొడుగూ ఇందులో ఒకటయ్యాయి.

ఇందుకు కావలసిన సరుకు హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ పొరుగునే వాడుకలో ఉంది. 1970ల నుంచి పెరిగిన పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో, బొల్లారంలో రసాయన, మందుల పరిశ్రమలు వెలిశాయి. ఆమ్లాలకు ఇనుము ఆగదు కాబట్టి ఇలాంటి పరిశ్రమల్లో ట్యాంకులకూ గొట్టాలకూ ఫైబర్ వాడతారు. మ్యాట్ (గాజునార పరుపు), రెజిన్ (జిగురు), కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగిరపరిచేది), హార్డెనర్ (గట్టిపరిచేది) అన్నవి ఆ పని చేసేవారి నోట రోజూ నలిగే మాటలు.

ట్యాంకు పని తెలిసినంత మాత్రాన కయాక్ రాదు. ట్యాంకుకు వాడే పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. దాన్ని నేరుగా థర్మాకోల్ మీద పూస్తే చూస్తుండగానే గుంటలు పడి కరిగిపోతుంది. థర్మాకోల్‌కు ఎపాక్సీ వాడాలి, లేదా పాలియూరెథేన్ ఫోమ్ తెచ్చుకోవాలి. మే ఎండల్లో రెజిన్ మగ్గులోనే వేడెక్కి గడ్డకడుతుంది. కొద్దికొద్దిగా, చల్లటి పూట కలపాలి. పాలియెస్టర్ అయితే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే పేలవచ్చు. గాజు పొడి దురదకు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పవు.

ఇక పడవ దిగే నీళ్ల సంగతి. అమీన్‌పూర్ చెరువు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలం (1550–1580) నాటిదని చెబుతారు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. రాజహంసలు (ఫ్లెమింగోలు) వచ్చే నీళ్లివి. తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టేవారు లారీ ట్యూబుల మీద, థర్మాకోల్ దిమ్మెల మీద కూర్చుని వల వేయడం మామూలే. తొడుగు లేని దిమ్మె ఎండకూ రాపిడికీ పూసలు పూసలుగా రాలి నీళ్లలో కలుస్తుంది. ఫైబర్ కప్పితే ఏళ్ల తరబడి రాలదు, కానీ పాడైన ఫైబర్ కుళ్లదు, దాన్ని తగలబెట్టనూ కూడదు. కట్టేవారు దాని చివరి చోటు కూడా ముందే చూసుకోవాలి.