పేరు దొరికేదాకా

తుంగభద్ర ఒడ్డున ఉన్న కెంచనగుడ్డలోనూ, సిరుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లోనూ పెద్దవారిని అడిగితే హెళవర సంగతి చెబుతారు. తెలుగు సీమలో వీరిని పిచ్చకుంట్లవారు అనేవారు. వంశరాజులన్నది మర్యాదైన పేరు. సుగ్గి అయి గింజలు ఇల్లు చేరాక, గంట కట్టిన ఎద్దుతో హెళవ వచ్చేవాడు. ఆ ఇంటి మూలపురుషుడెవరు, ఏ ఊరినుంచి వలస వచ్చాడు, ఆయన కొడుకులెవరు, అన్నీ చదివి వినిపించేవాడు. కొత్తగా పుట్టిన బిడ్డల పేర్లు చిట్టాలో చేర్చుకొని, గింజలో దూడో పుచ్చుకొని సాగిపోయేవాడు.

మరి ఇటువంటి చిట్టాయే లేని జనం ఏం చేయాలి?

అమెరికాలోని నల్లజాతివారిది ఇదే కష్టం. అక్కడ 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు ఉండేవి. యజమాని పేరు కింద వారి వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు. వారి పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. 1865లో బానిసత్వం రద్దయింది. విడుదలైనవారందరి పేర్లు మొదటిసారి 1870 లెక్కల్లోకి ఎక్కాయి. అంతకు వెనక్కి వెళ్ళబోతే గోడ అడ్డం వచ్చినట్టే.

1976లో అలెక్స్ హేలీ 'రూట్స్' పుస్తకం వచ్చింది. 1977 జనవరిలో అది టెలివిజన్‌లో ప్రసారమై, తాతముత్తాతలను వెదకాలన్న కోరిక ఎందరిలోనో కలిగించింది. ఆ ఏడే వాషింగ్టన్‌లో ఆఫ్రో-అమెరికన్ హిస్టారికల్ అండ్ జీనియలాజికల్ సొసైటీ ఏర్పడింది. జాతీయ పత్రాగారంలో పనిచేసిన జేమ్స్ డెంట్ వాకర్ దానికి ముఖ్య స్థాపకుడు. తరువాత పలు నగరాల్లో శాఖలు వెలిశాయి.

వారి పద్ధతి సులువైనది. ముందు నీ పేరు రాసుకో, ఇంటి పెద్దలను అడుగు, ఆపైన కాగితాలు తిరగెయ్యి. 1865లో విడుదలైనవారి కోసం పెట్టిన పొదుపు బ్యాంకు 1874లో మూతపడింది గాని, ఖాతాదారులు చెప్పిన తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు దాని పుస్తకాల్లో మిగిలాయి. గోడకు ఆవలివైపు యజమానుల వీలునామాలు, అమ్మకపు పత్రాలు దిక్కు. మనిషిని సొత్తుగా రాసుకున్న కాగితమే నేడు మునిమనవడికి ముత్తాత జాడ చెబుతోంది!

ఇక మన సంగతి చూద్దాం. హెళవ చదివేది గింజలు కొలిచిన ఇంటి వంశం. ఆ ఇంట పాలేరుగా బతికినవాడి తాత పేరు అందులో దొరకడం అరుదు. దొరికిన వంశావళుల్లోనూ చాలావరకు మగవారి పేర్లే. 1953 దాకా బళ్ళారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కనుక, పాత కాగితాల కోసం చెన్నై దాకా వెళ్ళవలసి రావచ్చు. అయితే మొదటి కాగితానికి అంత దూరం పోనక్కరలేదు. ఇంట్లో అవ్వ ఉంటే, ఆమె పుట్టినూరు, ఆమె తల్లి పేరు ఈ రాత్రే అడిగి రాసి పెట్టండి.