రంగు నిలిపినవాళ్ళు

పాత చీరలతో కుట్టిన బొంతను ఉతికితే రంగు అంతగా దిగదు. దిగాల్సింది చీరగా ఉన్నప్పుడే దిగిపోయి ఉంటుంది. కొత్త గుడ్డముక్కలతో కుడితే మాత్రం ఎరుపు పక్కనున్న తెలుపుకి అంటుకుంటుంది. ఈ చిక్కుని మన కోరమండల్ తీరపు అద్దకంవాళ్ళు ఎప్పుడో తీర్చారు. ఆ కథే రాస్తున్నాను.

17వ శతాబ్దంలో మచిలీపట్నం, మద్రాసు రేవుల నుంచి అద్దకం దుప్పట్లు, బొంతలు ఓడలెక్కి ఐరోపాకి వెళ్ళేవి. అక్కడివాళ్ళకి పూలు, లతలు నచ్చాయి. ఉతికినా రంగు పోకపోవడం ఇంకా నచ్చింది. తమ నేతపని దెబ్బతింటుందని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో, 1721లో చట్టాలు చేసింది. అయినా మోజు తగ్గలేదు. ఆ విద్య నేర్చుకోవాలని చూశారు.

1742లో ఫాదర్ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు ఈ పద్ధతిని వివరంగా జాబు రాసి పంపాడు. ఈయన తెలుగు నేర్చుకున్నవాడు. క్రైస్తవంలో చేరిన అద్దకంవాళ్ళని అడిగి తెలుసుకున్నాడు.

పద్ధతి ఇది. ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు నూలుని పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు, అద్దిన నీళ్ళు గీత దాటి పాకకుండా ఆపుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత చిరివేరుతో కాస్తారు. తమిళంలో దీన్ని సాయవేర్ అంటారు. వేరులోని ఎరుపు పటికతో కలిసి నీళ్ళలో కరగని పదార్థం అవుతుంది. అందుకే ఉతికినా పోదు. పటిక లేనిచోట అంటిన రంగుని ఉతికి, ఎండబెట్టి పోగొడతారు.

దీన్నిబట్టి నాకు ఒకటి అర్థమైంది. రంగు నిలవడం అద్దేటప్పుడే తేలిపోతుంది. సరిగ్గా పట్టని రంగుని తర్వాత ఉప్పునీళ్ళలో నానబెట్టినా కట్టేయలేం. అందుకే గుడ్డని విడిగా ఉతికి, నీళ్ళు తేటగా వచ్చాకే బొంత కుట్టడం మంచిది.

1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ, లీబర్‌మన్ ఆ ఎరుపునే ప్రయోగశాలలో తయారుచేశారు. దాని పేరు అలిజరిన్. అది చవగ్గా దొరికేసరికి చిరివేరు సాగు పడిపోయింది, దాన్ని తవ్వి బతికేవాళ్ళ పని పోయింది.

జాబు రాసిన కేర్దూ పేరు చరిత్రలో ఉంది, అలిజరిన్ చేసినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. కేర్దూకి చెప్పిన అద్దకంవాళ్ళ పేర్లు మాత్రం మనకి అందలేదు. రాసినవాడితో పాటు చెప్పినవాళ్ళని కూడా లెక్కలో వేస్తేనే అది పూర్తి చరిత్ర అవుతుందని నా అభిప్రాయం.