ఘనీకృత వీర్యంతో సూది వేయించేటప్పుడు పాడి రైతులు గమనించవలసిన విషయాలు

ఆవు గానీ గేదె గానీ ఎదకు వస్తే ఆబోతు కోసం, దున్నపోతు కోసం ఊళ్లు తిరిగే రోజులు చాలావరకు పోయాయి. ఫోన్ చేస్తే గోపాలమిత్ర నత్రజని క్యాన్ బండికి కట్టుకుని వస్తాడు, సూది వేసి వెళ్తాడు. చూడి కడితే సంతోషం, పొర్లితే మళ్లీ ఫోన్. ఈ మధ్యలో ఏం జరుగుతుందో మనలో చాలామంది పట్టించుకోం.

నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి, పశువైద్యుణ్ణి కాను. అయితే ముప్పై ఏళ్లుగా విస్తరణ పనిలో ఊళ్లు తిరుగుతూ ఒక సంగతి చూస్తున్నాను. వరి విత్తనం సంచి కొనేటప్పుడు రకమేమిటి, మొలక శాతమెంత, ఏ సంవత్సరం విత్తనం అని నాలుగు ప్రశ్నలు వేసే రైతు, పశువుకు వేసే విత్తనం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగడు. ఆ గొట్టంలో ఉన్నదీ విత్తనమే. వరి విత్తనం చెడితే పది రోజుల్లో నారుమడిలో తెలిసిపోతుంది. ఇది చెడితే 21 రోజుల దాకా తెలియదు. తెలిసినా, తప్పు పశువు మీదకే పోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక మండలంలో, ఒక ఎండాకాలం నాలుగైదు ఊళ్ల పశువులు వరుసగా పొర్లాయి. కొందరు మేత సరిలేదన్నారు, కొందరు దిష్టి అన్నారు. చివరికి ఒక పశువైద్యుడు ఆ క్యాన్‌లోని గొట్టం ఒకటి కరిగించి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒక్క కణం కూడా కదలలేదు. క్యాన్‌లో నత్రజని ఒకసారి పూర్తిగా ఆవిరైపోయిందట, తర్వాత మళ్లీ నింపారట. నింపాక క్యాన్ చల్లగానే ఉంది, మూత తీస్తే పొగ వచ్చింది, గొట్టాలు చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. ఈలోగా ఒకామె రెండో ఈత గేదెను గొడ్డుదనుకుని సంతకు తోలేసింది. దానిలో ఏ లోపమూ లేదని తర్వాత చెప్పడానికి వెళ్లినవాణ్ణి నేనే.

చలిలో ప్రాణం ఎలా నిలుస్తుంది

ద్రవ నత్రజని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. ఆ చలిలో వీర్యకణం చావదు, బతుకు ఆగిపోయి ఉంటుంది. మామూలుగా గడ్డకట్టిస్తే మాత్రం కణం లోపలి నీరు మంచు ముక్కలై దాన్ని చీల్చేస్తుంది. ఈ చిక్కును 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు విప్పారు. అదీ పొరపాటున. చక్కెర ద్రావణం అనుకుని వాడిన సీసా మీద చీటీ తప్పుగా ఉంది, లోపల ఉన్నది గ్లిజరిన్. అది కలిపిన కోడిపుంజు వీర్యం కరిగించాక కూడా కదిలింది. ఇవాళ్టికీ వీర్య కేంద్రాల్లో గ్లిజరిన్, గుడ్డు పచ్చసొన కలిపిన ద్రావణాలు వాడుతున్నారు. ఒక ఆబోతు నుంచి ఒకసారి తీసిన వీర్యంతో వందల గొట్టాలు నింపవచ్చు. మన దగ్గర వాడే సన్న గొట్టంలో పట్టేది పావు మిల్లీలీటరు. అందులో కనీసం రెండు కోట్ల కణాలు ఉండాలి, కరిగించాక కనీసం సగం చురుకుగా కదలాలి. దేశంలోని వీర్య కేంద్రాలకు పెట్టిన ప్రమాణం ఇది.

ఎన్నాళ్లు నిలుస్తుందని రైతులు అడుగుతుంటారు. ఆస్ట్రేలియాలో 1968లో గడ్డకట్టించిన పొట్టేలు వీర్యాన్ని దశాబ్దాల తర్వాత కరిగించి 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి. పోలిక కోసం ఏడాది కిందటి వీర్యం వేసిన గొర్రెల్లో ఫలితం దాదాపు అంతే వచ్చింది. కాబట్టి పాత గొట్టమని భయపడనక్కరలేదు. అడగవలసింది ఆ చలి మధ్యలో తెగిందా లేదా అని.

చలి తెగేది ఎక్కువగా మన ఇంటి ముందే

వాడినా వాడకపోయినా క్యాన్‌లో నత్రజని రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది, ఎండల్లో ఇంకా త్వరగా పోతుంది. చివరిసారి ఎప్పుడు నింపారో, మట్టం ఎంత ఉందో అడగండి. పొడి కర్ర పుల్లను లోపలికి దించి తీస్తే మంచు పట్టిన మేరకు మట్టం తెలుస్తుంది. ఆ పని వచ్చినవారే చేయాలి. మీరు చేయి పెట్టవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. ద్రవ నత్రజని తగిలితే చర్మం కాలినట్టు అవుతుంది.

రెండోది, గొట్టాన్ని వెతికే తీరు. గొట్టాలున్న డబ్బాను క్యాన్ మెడ దాటి పైకి ఎత్తకూడదు. కావలసిన గొట్టాన్ని కొన్ని సెకన్లలోనే చిమటాతో తీసి, మిగతావాటిని వెంటనే దించేయాలి. ఎండలో నిలబడి డబ్బాను బయట పెట్టి నెంబర్లు చదువుతుంటే, మీ గేదెకు వేసే గొట్టం సంగతి అటుంచండి, తర్వాతి ఊరి పశువులకు వేయబోయే గొట్టాలు కూడా దెబ్బతింటాయి. ఒకసారి తగిలిన దెబ్బ తిరిగి చల్లబరిస్తే మానదు, పైగా పోగవుతూ పోతుంది.

మూడోది కరిగించడం. 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు. ఇది చాలా ముఖ్యం. చొక్కా జేబులో పెట్టుకుని, అరచేతుల మధ్య రుద్ది, బోరు నీటిలో ముంచి కరిగించేవాళ్లను నేను చూశాను. అలా మెల్లగా కరిగితే లోపల మంచు ముక్కలు మళ్లీ పెరిగి కణాలను చీలుస్తాయి. గొట్టాన్ని తీశాక శుభ్రమైన పొడి గుడ్డతో తుడవాలి, నీటి చుక్క తగిలినా కణాలకు ముప్పే. ఆ తర్వాత 15 నిమిషాల లోపే సూది వేయడం పూర్తికావాలి. అందుకే గొట్టం కరిగించక ముందే పశువును నీడలో కట్టేసి సిద్ధంగా ఉంచండి. వేడినీళ్లు, చన్నీళ్లు, ఉతికిన గుడ్డ మీరే అందించండి. థర్మామీటరు ఉందా అని అడగడంలో తప్పులేదు. అడిగే రైతు ఇంట్లో పని జాగ్రత్తగానే జరుగుతుంది.

సమయం తప్పితే మంచి విత్తనమూ వృథా

పొద్దున ఎద లక్షణాలు మొదలైతే సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాడు పొద్దున సూది వేయించాలి. అండం విడుదలయ్యేది ఎద ముగిసిన 10 నుంచి 12 గంటలకు. కరిగించిన వీర్యకణాలు తాజా వీర్యమంత సేపు బతకవు కాబట్టి మరీ ముందు వేయించినా దండగే. ఆవులు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి, అరుస్తాయి, గుర్తుపట్టడం సులువు. గేదెలతోనే కష్టం. ఎండాకాలంలో వాటికి మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడండి. మాటిమాటికీ మూత్రం, మేత తగ్గడం, పాలు చేపకపోవడం, పడుకున్నప్పుడు జిగురు తీగలు. తీగ గుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉండాలి. చీము కలిసినట్టు తెల్లగా, పసుపుగా ఉంటే ఆ ఎదకు సూది వేయించకుండా చికిత్స చేయించండి. ఈనిన తర్వాత కనీసం 60 రోజులు ఆగండి.

సూది వేయించాక 18వ రోజు నుంచి 24వ రోజు దాకా కన్నేసి ఉంచండి. తిరిగి ఎదకు రాకపోయినా, రెండు మూడు నెలలకు చూడి పరీక్ష తప్పనిసరి.

పెయ్యలే పుట్టే వీర్యం గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. నూటికి 90 దాకా ఆడ దూడలే పుడతాయన్నది నిజమే. కానీ ఆ గొట్టంలో కణాలు చాలా తక్కువ, చూడి కట్టే శాతమూ కొంత తక్కువే. ఆరోగ్యంగా ఎదిగిన పెయ్యలకు, పడ్డలకు వేయించండి. పొర్లే పశువుకు వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

గొట్టం మీది నెంబరు రాసుకోండి

ప్రతి గొట్టం మీద ఆబోతు నెంబరు, జాతి, కేంద్రం, తేదీ అచ్చు వేసి ఉంటాయి. ఖాళీ గొట్టాన్ని పారేయనివ్వకుండా తీసుకుని, నెంబరు నోట్‌బుక్కులో రాయండి. ఎందుకంటే ఆబోతు చనిపోయిన తర్వాత కూడా దాని వీర్యం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. మూడేళ్ల కింద తల్లికి వేసిన నెంబరే ఇవాళ దాని కూతురికి వేస్తే తండ్రీకూతుళ్ల కలయిక అయినట్టే. అలాంటి దూడలు బలహీనంగా పుడతాయి, పాలూ తగ్గుతాయి. ఆ నోట్‌బుక్కు లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఒంగోలు, పుంగనూరు పశువులు ఉన్న రైతులకు ఇంకో మాట. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో దేశమంతా నిండింది. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక ఆబోతును పోషించేవాళ్లే కరువయ్యారు. పొట్టి పుంగనూరు ఆవుల పరిస్థితి అంతకన్నా సున్నితం. మంచి ఆబోతు వంశం ఆగిపోకుండా ఉండాలంటే, దాని వీర్యం బతికుండగానే దాచాలి. నంద్యాల, విశాఖపట్నం, కరీంనగర్‌లలో వీర్య కేంద్రాలున్నాయి. కానీ ఇంటి ఆబోతును తోలుకెళ్తే తీసేసుకోరు. క్షయ, బ్రుసెల్లా వంటి రోగాలకు పరీక్షలుంటాయి, కొన్నాళ్లు వేరుగా ఉంచుతారు, తల్లి పాల లెక్కలు అడుగుతారు. అన్నీ సరిపోయినా కొన్ని ఆబోతుల వీర్యం చలికి తట్టుకోదు.

చాలా దూడలు ఆగిపోయేది ఆ పాల లెక్కల దగ్గరే. తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందంటే "బాగానే ఇచ్చేది సార్" అంటారు. వారానికొక రోజైనా రెండు పూటలా కొలిచి, అదే నోట్‌బుక్కులో తేదీ వేసి రాయండి. మేలైన ఆవుకు లక్షణమైన కోడెదూడ పుడితే విత్తులు నొక్కించే ముందు ఒక్కసారి పశువైద్యాధికారికి చూపించండి. వైద్యశాల దూరమైతే 1962కు ఫోన్ చేసి సలహా అడగండి. నొక్కించిన తర్వాత ఏ కేంద్రమూ చేయగలిగింది లేదు.