పెట్రోలులో కడిగిన క్లచ్ ప్లేట్లు

క్లచ్ జారుతోందంటే ప్లేట్లు విప్పి పెట్రోలులో కడిగి, ఎమరీ పేపరుతో రుద్ది బిగించడం మన మెకానిక్కుల పాత పద్ధతి. దాన్ని వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. పాత బుల్లెట్‌లో క్లచ్ ఉండేది ప్రైమరీ చైన్ కేసులో, వేరే ఆయిల్‌తో. అందులో ఆయిల్ మోతాదు మించితే ప్లేట్లు జారేవి. కడిగి, ఆయిల్ తగ్గిస్తే బండి దారికొచ్చేది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. దాని క్లచ్ తిరిగేదే ఇంజను ఆయిల్‌లో. అలాంటి బళ్లు రోడ్లు నింపేశాక ఆయిల్ తగలడం దోషం కాదు, ఎలాంటి ఆయిల్ అన్నదే అసలు సంగతి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలుంటే క్లచ్ పట్టు తప్పుతుంది. 1998లో జపాన్ బైకు ఆయిల్‌కు జాసో ప్రమాణం తెచ్చింది అందుకే.

కడిగితే బండి లాగుతోంది కదా అంటారు. లాగుతుంది, మళ్లీ అదే ఆయిల్ పోస్తే జారుతుంది కూడా. కొత్త సెట్టు కొనలేనివాడికి ఆ నాలుగు రోజులూ తక్కువేం కాదు, నిజమే. కానీ నున్నగా మెరుగెక్కిన లైనింగునూ, వేడికి వంగిన స్టీల్ ప్లేటునూ పెట్రోలు బాగుచేయదు. ప్లేటును గాజు పలక మీద పరిచి ఫీలర్ గేజ్ దూర్చితే వంపు తెలిసిపోతుంది. 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ ఉన్న హైదరాబాద్ బాలానగర్‌కు కొలత కొత్త విద్యేమీ కాదు.