మూత్రకృచ్ఛ్రం నుంచి సూక్ష్మజీవి దాకా

మూత్రం పోసేటప్పుడు మంట పుడితే ‘వేడి చేసింది’ అనుకుని బార్లీ నీళ్లో పల్లేరు కాయల కషాయమో తాగించడం తెలుగు ఇళ్లలో నేటికీ ఉన్న వాడుక, దాని మూలాలు ఆయుర్వేద సంహితల్లో కనిపిస్తాయి. మూత్రం బాధతో రావడాన్ని మూత్రకృచ్ఛ్రమనీ, అడ్డుపడి నిలిచిపోవడాన్ని మూత్రాఘాతమనీ పిలిచిన ఆ గ్రంథాలు మొదటిదాన్ని ఎనిమిది రకాలుగా విభజించాయి. వాతం వల్ల కలిగినదైతే గజ్జల్లో, పొత్తికడుపులో నొప్పితో కొద్దికొద్దిగా పదేపదే వస్తుందనీ, పిత్తం వల్లనైతే పచ్చగానో నెత్తురుతోనో మండుతూ వస్తుందనీ, కఫం వల్లనైతే పొత్తికడుపు బరువెక్కి జిగటగా వస్తుందనీ చేసిన వర్ణనల్లో మూత్రాశయ శోథ, అంటే మూత్రాశయపు వాపు లక్షణాలను నేటి వైద్యుడు సులువుగా గుర్తుపట్టగలడు. రాళ్ల వల్ల కలిగే రకాన్ని వేరుగా చెప్పడం మరీ మెచ్చదగినది, ఎందుకంటే మూత్రం పారే దారిలో ఏ అడ్డు ఉన్నా ఇన్ఫెక్షన్‌కు అవకాశం పెరుగుతుంది.

ఇక మధ్యయుగపు ఐరోపా వైద్యులైతే ‘మాటులా’ అనే గాజుపాత్రలో మూత్రాన్ని వెలుగుకు పట్టి, రంగూ మడ్డీ చూసి రోగాన్ని నిర్ణయించేవారు. రోగి ముఖమైనా చూడకుండా జోస్యం చెప్పేవారు పెరిగిపోగా, 1637లో థామస్ బ్రయన్ అనే ఆంగ్ల వైద్యుడు వారిని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశాడు.

ఈ మంటకు అసలు కారణం 19వ శతాబ్దం చివర గాని బయటపడలేదు. 1885లో థియోడర్ ఎషెరిష్ అనే జర్మన్ శిశువైద్యుడు పసిపిల్లల మలంలో ఒక బ్యాక్టీరియాను గుర్తించి, 1894లో ఆడపిల్లల మూత్రాశయ శోథకు అదే కారణమని చూపాడు. పేగుల్లో ఉండవలసిన ఆ క్రిమి, తర్వాత ఆయన పేరు మీదనే ఎషెరిషియా కోలై అయినది, మూత్రనాళం గుండా పైకి పాకి మూత్రాశయాన్ని చేరుతుంది. స్త్రీలలో ఆ నాళం పొట్టిది కనుకనే ఈ బాధ వారికి ఎక్కువ. అది ఇంకా పైకి, మూత్రపిండాల దాకా ఎక్కితే చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు తోడవుతాయి, దీనినే పైలోనెఫ్రైటిస్ అంటారు. దోషాలను బట్టి చేసిన పాత విభజన స్థానంలో, వ్యాధి ఏ భాగాన్ని పట్టింది, ఏ క్రిమి వల్ల వచ్చింది అన్న కొత్త విభజన ఈ విధంగా వచ్చింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. మూత్రం పట్టేటప్పుడు చర్మం మీది క్రిములూ అందులో కలుస్తాయి కనుక ఏది రోగమో, ఏది కల్తీయో తేల్చడం కష్టమయ్యేది. 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియాను హద్దుగా పెట్టి దీన్ని తేల్చడమే గాక, ఏ బాధా లేని గర్భిణుల మూత్రంలోనూ అవి ఉండి, తర్వాత మూత్రపిండాలకు సోకవచ్చని నిరూపించాడు. గర్భిణులకు నేటికీ చేసే మూత్ర పరీక్ష వెనుక ఉన్నది ఆ పరిశోధనే, ఈ చరిత్రలో దాని విలువ ఏ మందుకూ తీసిపోదు.

మందుల విషయానికొస్తే, 1930లలో సల్ఫా మందులు వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కోలై వంటి క్రిముల మీదా పనిచేసింది. అయితే క్రమంగా యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడడంతో క్రిములు వాటికి లొంగడం మానేశాయి. 2008లో, ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ తిరిగి వెళ్లిన భారత సంతతి రోగి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, చివరి ఆసరాగా దాచుకునే కార్బపెనెమ్ మందులను సైతం విరిచివేసే ఎంజైమును తయారుచేస్తున్నట్టు తేలింది, ఆ ఎంజైముకు న్యూఢిల్లీ పేరే పెట్టారు.