ప్రీఫ్యాబ్ ఇల్లు: చదరపు అడుగు ధర చూసి సంతకం చేయొద్దు.. కొటేషన్లను ఇలా పోల్చండి

‘చదరపు అడుగు రూ.1,500కే.. 45 రోజుల్లో తాళాలు మీ చేతికి’. పొలం దగ్గరో, సొంతూరి స్థలంలోనో చిన్న ఇల్లు వేసుకుందామని ఫోన్‌లో ఒకసారి వెతికితే చాలు, ఇలాంటి ప్రకటనలు వరుస కడతాయి. మూడు కంపెనీలను అడిగితే మూడు కొటేషన్లు వస్తాయి. తక్కువ ధర చెప్పిన వాళ్ల వైపు మొగ్గడం సహజం. అయితే ఆ మూడు కంపెనీలు అమ్ముతున్నది ఒకే వస్తువు కాదు. ఒకరు గోడలు, కప్పు వరకే ధర చెబుతారు. మరొకరు పునాది కలిపి చెబుతారు. ఇంకొకరు కుళాయిలతో సహా చెబుతారు. వీటిని ఒకే కొలతకు తెచ్చాకే పోలిక మొదలవుతుంది.

ఏ రకం ఇల్లు?

ప్రీఫ్యాబ్ అన్న మాట కింద చాలా రకాలున్నాయి. సన్నని గాల్వనైజ్డ్ స్టీలు ఫ్రేముకు రెండువైపులా సిమెంటు బోర్డులు బిగించే ఎల్‌జీఎస్ఎఫ్ ఒకటి. రెండు రేకుల మధ్య పఫ్, థర్మాకోల్ లేదా రాక్‌వూల్ నింపిన శాండ్‌విచ్ ప్యానెళ్లు మరొకటి. ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు భాగాలను క్రేన్‌తో నిలబెట్టే ప్రీకాస్ట్ ఇంకొకటి. నిర్మాణ స్థలాల్లో కనిపించే పోర్టా క్యాబిన్లను కూడా కొందరు ఇల్లు పేరుతోనే అమ్ముతున్నారు. రకం మారితే ధర, మన్నిక, వేసవిలో లోపలి వేడి అన్నీ మారతాయి. అందుకే ముందు రకం ఏదో తేల్చుకుని, అదే రకానికి కనీసం మూడు కొటేషన్లు తీసుకోవాలి.

తక్కువ ధర ఎక్కువైన లెక్క

ఉదాహరణకు 900 చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మార్కెట్ ధరలు కావు. మొదటి కంపెనీ అడుగుకు రూ.1,500 చెప్పింది. మొత్తం రూ.13.50 లక్షలు. రెండో కంపెనీ పన్ను, పునాది, వైరింగ్, ప్లంబింగ్ అన్నీ కలిపి రూ.2,050 చెప్పింది. మొత్తం రూ.18.45 లక్షలు. తేడా దాదాపు రూ.5 లక్షలు కదా, ఎవరికైనా మొదటిదే నచ్చుతుంది.

ఇప్పుడు మొదటి కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో ఉన్న ‘అదనం’ అన్న వరుస చూడండి. జీఎస్టీ 18 శాతం అంటే రూ.2.43 లక్షలు. పునాది, బేస్‌మెంట్‌కు రూ.2 లక్షలు. లారీ కిరాయి, క్రేన్‌కు రూ.60 వేలు. వైరింగ్, ప్లంబింగ్, బాత్రూం సామాన్లకు రూ.1.50 లక్షలు. కలిపితే రూ.20.03 లక్షలు. చవక అనుకున్నది రూ.1.58 లక్షలు ఎక్కువైంది.

జీఎస్టీ సంగతి విడిగా చెప్పుకోవాలి. ప్రీఫ్యాబ్ ఇంటి సరఫరాకైనా, సామగ్రితో కలిపి కట్టి ఇచ్చే కాంట్రాక్టుకైనా 18 శాతం పడుతుంది. వ్యాపారులకు ఉన్నట్టు సొంతిల్లు కట్టుకునేవారికి ఇది వెనక్కి రాదు. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామని ఎవరైనా అంటే, రేపు గొడవ వచ్చినప్పుడు మీ చేతిలో కాగితం ఉండదని గుర్తుంచుకోండి.

కొలత దగ్గరా మెలిక ఉంటుంది. 900 అడుగుల్లో సిటవుట్, గోడల మందం, చూరు కింద భాగం కలిపారా అని అడగాలి. నాలుగు స్తంభాల మీద రేకు వేసిన వరండాకూ గదికీ ఒకే ధర కట్టడం న్యాయం కాదు. గోడల లోపలి కొలత ఎంతో రాయించుకుని మొత్తం ధరను దాంతో భాగించండి. అసలు రేటు అప్పుడు తెలుస్తుంది.

బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు కనెక్షన్, ప్రహరీ చాలా కొటేషన్లలో ఉండనే ఉండవు. వీటిని మీ బడ్జెట్‌లో మీరే వేసుకోవాలి. ఆపైన మొత్తంలో 10 శాతం చేతిలో ఉంచుకుంటే మేలు. నల్లరేగడి నేల అయితే పునాది ఖర్చు దగ్గరే అందులో చాలా భాగం పోవచ్చు.

డబ్బు ముందా, ఇల్లు ముందా?

ధర కంటే జాగ్రత్తగా చూడాల్సింది చెల్లింపుల వరుసను. మేస్త్రితో కట్టిస్తే పునాదికి కొంత, గోడలకు కొంత, శ్లాబుకు కొంత ఇస్తాం. పని ఆగినా కట్టినంత వరకు మన స్థలంలోనే ఉంటుంది. ప్రీఫ్యాబ్‌లో పని ఎక్కువగా ఫ్యాక్టరీలో జరుగుతుంది. ఆర్డర్‌తో 50 శాతం, లారీ బయల్దేరే ముందు 40 శాతం, బిగించాక 10 శాతం అనే షరతు ఉందంటే, మీ స్థలంలో పునాది తప్ప ఏమీ లేకుండానే 90 శాతం సొమ్ము వెళ్లిపోయినట్టు. కంపెనీ చేతులెత్తేస్తే ఇల్లూ ఉండదు, డబ్బూ ఉండదు.

కంపెనీకీ స్టీలు కొనడానికి డబ్బు కావాలి కాబట్టి అడ్వాన్సు అడగడం తప్పు కాదు. దాన్ని 20 శాతం దగ్గర ఆపగలరేమో బేరమాడండి. రెండో విడతను ఫ్యాక్టరీకి వెళ్లి మీ ఫ్రేము కళ్లారా చూశాక, పెద్ద మొత్తాన్ని సామాను స్థలంలో దిగాక ఇచ్చేలా రాయించుకోవాలి. చివరి 10 శాతం మాత్రం ఒక వాన చూశాకే ఇస్తామంటే ఇంకా మంచిది. కప్పు కారేదీ లేనిదీ వానే చెబుతుంది.

బ్యాంకు రుణం తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. స్థలంలో పని ఎంత జరిగిందో చూసి బ్యాంకులు విడతలుగా సొమ్ము ఇస్తాయి. ఫ్యాక్టరీకి కట్టాల్సిన అడ్వాన్సు సొంతంగా సర్దుకోవాల్సి రావచ్చు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం రూ.30 లక్షల వరకు గృహరుణానికి ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం మేరకే ఇస్తారు. తేలికపాటి నిర్మాణాలకు అంత ఇవ్వకపోవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. కంపెనీ మనిషి ‘లోను మేమే ఇప్పిస్తాం’ అన్నా సరే, సంతకానికి ముందే డ్రాయింగులు పట్టుకుని మీ బ్యాంకు శాఖకు వెళ్లి కనుక్కోండి.

కాగితం మీద ఉండాల్సినవి

‘నాణ్యమైన స్టీలు’ అని రాస్తే చాలదు. ఫ్రేము మందం ఎన్ని మిల్లీమీటర్లు, జింకు పూత ఎంత (275 జీఎస్ఎం అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాములు), ప్యానెల్ మందం, లోపల నింపింది ఏమిటి అన్నవి అంకెల్లో ఉండాలి. పఫ్, థర్మాకోల్ మంటకు అంటుకుంటాయి, రాక్‌వూల్ అంటుకోదు. వంటగది గోడకైనా రాక్‌వూల్ అడగడం మంచిది.

గాలి లెక్క కూడా అడగాలి. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కు తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నంలో 50 మీటర్లు. చూడ్డానికి చిన్న తేడాలా ఉన్నా గాలి ఒత్తిడి దాదాపు 29 శాతం పెరుగుతుంది. హైదరాబాద్‌కు వేసిన డిజైన్‌నే తీరంలో బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం చేసిన డ్రాయింగ్ తీసుకోండి. కేంద్ర సంస్థ బీఎంటీపీసీ కొత్త నిర్మాణ పద్ధతులను పరిశీలించి ‘ప్యాక్స్’ సర్టిఫికెట్ ఇస్తుంది. కంపెనీకి అది ఉందా అని అడగొచ్చు.

రేకు లేదా ప్యానెల్ కప్పు అయితే పైన నీళ్ల ట్యాంకుకు వేరే స్టాండు కావాలి. మిరపకాయలు ఆరబోసుకునే డాబా ఉండదు, రేపు పై అంతస్తు వేయడానికీ కుదరదు. వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిగారిని డ్రాయింగ్ దశలోనే పిలవండి. ప్యానెళ్లు కోశాక గుమ్మం జరపాలంటే మళ్లీ ఖర్చే.

అనుమతి, ఫిర్యాదు

ఫ్యాక్టరీలో చేసింది కాబట్టి ప్లాన్ అక్కర్లేదన్న మాట నమ్మొద్దు. పునాది వేసి నివాసానికి కట్టేదేదైనా పంచాయతీ లేదా మున్సిపాలిటీ నిబంధనల కిందికే వస్తుంది. తెలంగాణలోని పట్టణాల్లో 75 చదరపు గజాల లోపు స్థలంలో జీ+1 వరకు అనుమతి అవసరం లేకపోయినా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. పొలంలో అయితే భూ వినియోగం సంగతి ముందే రెవెన్యూ కార్యాలయంలో తేల్చుకోండి.

సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకునే ఒక్క ఇల్లు సాధారణంగా రెరా పరిధిలోకి రాదు. గొడవ వస్తే వినియోగదారుల కమిషనే దారి. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1,000. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. అంతకుముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. ఒప్పందం, జీఎస్టీ బిల్లులు, బ్యాంకు ద్వారా చెల్లించిన రసీదులు, వాట్సాప్ సందేశాలు, తేదీలతో తీసిన ఫొటోలు అప్పటివరకు భద్రంగా ఉండాలి.